మీట మీద ఎర్ర చుక్క

ఇక ఆపేద్దాంలే, ఛార్జింగన్నా మిగులుతుంది అనుకుని తెర మీది బాణాన్ని మూలకి జరిపి, నొక్కబోయి, జాస్మిన్ ఠక్కున వేలు వెనక్కి తీసుకుంది. ఆపితే పోతుంది. ఈ లాప్‌టాప్ ఆగిందంటే పొద్దున్నుంచి ఇందులో చేసిందంతా పోతుంది, ఒక్క ముక్క మిగలదు. ఆ సంగతి ఆమెకి తెలియనిదా? బళ్లో ప్రశ్నపత్రాలు టైపు చేసినప్పుడల్లా ఆపేముందు తన మెయిలుకి తనే పంపుకోవడం ఆమెకి పళ్లు తోముకున్నంత అలవాటు. ఈ పొద్దున మెయిలు కుదరదు సరే, ఇంకో చోట దాచాలన్న ఆలోచనన్నా రావద్దా? అత్తగారు పాడుతుంటే కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది, పాట అయిపోగానే సేవ్ అని నొక్కింది, తెర మీద చిన్న బొమ్మ కనపడగానే హమ్మయ్య అనుకుంది. హమ్మయ్యట! పద్నాలుగేళ్లుగా పిల్లలకి జాగ్రత్తలు చెప్పే టీచరమ్మ చేసిన పని ఇది. గుంటూరు ఆసుపత్రి రెండో అంతస్తులో ఆపరేషన్ థియేటర్ బయట ఇనప కుర్చీలో కూర్చుని ఆమె తనని తాను నాలుగు తిట్టుకుంది. తలుపు అవతల అత్తగారు దేవకుమారి బల్ల మీద ఉంది. గొంతులో లేచిన పుండు కాన్సరని తేలింది కాబట్టి డాక్టర్లు ఆమె స్వరపేటికని మొత్తంగా తీసేస్తున్నారు. రేపటినుంచి ఆ మనిషికి ప్రాణం ఉంటుంది, గొంతు ఉండదు. ఆ గొంతు ఇక ఉన్నదల్లా జాస్మిన్ ఒళ్లో ఉన్న ఈ పాత డబ్బాలోనే. దాని ఛార్జరేమో అద్దంకిలో ఇంటి గోడకి వేలాడుతోంది. బ్యాటరీ గుర్తు ఇందాకటి పచ్చరంగు వదిలేసి నారింజ రంగుకి తిరిగింది.

మూత మూస్తే నిద్రపోతుంది, కొంత కలిసొస్తుంది. కానీ ఇది ఒకసారి నిద్రపోతే మళ్లీ లేవదు, ఆపి మొదటినుంచీ తెరవాల్సిందే, ఆ ముచ్చటా ఆమెకి తెలుసు. వెలుతురు తగ్గించింది. తెర మబ్బు పట్టినట్టయింది, ఆ మబ్బులోంచే వెనకాల బొమ్మ కనపడుతోంది, కోతకొచ్చిన మిరపచేను, చేను చివర తెల్లచొక్కాతో ఎవరో. అది ప్రకాష్ పెట్టిన బొమ్మ. ఆమె భర్త. రెండేళ్ల కిందట మేదరమెట్ల దగ్గర హైవే మీద పోయాడు. లాప్‌టాప్ హార్డ్ డిస్క్ అంతకు ముందే పోయింది. కొత్తది వేయించవయ్యా అని ఆమె పోరితే, ఎందుకే దండగ, నా పుల్ల ఉందిగా అని తన పెన్‌డ్రైవ్ పక్కన గుచ్చాడు. కంప్యూటర్ నడవడానికి కావలసిన సరంజామా అంతా ఆ వేలెడు పుల్లలో ఉంటుంది. మిషను అందులోంచి చదువుకుని లేస్తుంది, పుల్ల మీద తిరిగి ఏమీ రాయడం దాని చేత కాదు. ఎవరేం చేసినా, ఏం చెడగొట్టినా, ఆపి మళ్లీ తెరిస్తే ప్రకాష్ పెట్టినది పెట్టినట్టే ఉంటుంది. అదే మిరపచేను, అదే మూలన అదే గడియారం. ఆయన పోయాక ఇంట్లో అన్నీ జరిగిపోయాయి, చొక్కాలు ఎవరికో ఇచ్చేశారు, షాపు ఎత్తేశారు, బండి తుక్కుకి పోయింది, ఆయన కుర్చీలో ఇప్పుడు బియ్యం బస్తా కూర్చుంటుంది. ఈ తెర ఒక్కటే ఏ పొద్దు తెరిచినా, ఏమే లేచావా, అన్నట్టు అలాగే ఉంటుంది. కొత్తది కొనుక్కో వదినా, ఇదేం పిసినారితనం అని ఆడపడుచు క్రిస్టీనా ఎన్నిసార్లన్నా ఆమె కొనంది అందుకే. పైకి మాత్రం దీనికేం దివ్యంగా ఉంది అనేది.

ఆ క్రిస్టీనానే ఇందాక ఛార్జరు కోసం బయటికి పరుగెత్తింది. దీనికి సరిపడే పిన్ను ఎక్కడ దొరుకుతుందో ఏమో, ఇంత పాత మోడలు అని షాపులవాళ్లు నవ్వుతున్నారట. జాస్మిన్ మళ్లీ ఫోన్ చేసింది. “ఛార్జరు దొరక్కపోతే పెన్‌డ్రైవన్నా పట్టుకురా, కొత్తది, ఏదైనా సరే” అంది. “తెస్తా గాని వదినా, నేను కొత్తపేట సెంటర్లో ఇరుక్కుపోయా, ముందర ఏదో ఊరేగింపు, ఆటో కదలట్లా. అమ్మ గురించి ఏమన్నా చెప్పారా?” అంటోంది క్రిస్టీనా గొంతు హారన్ల మధ్యనుంచి. ఏమీ చెప్పలేదు అని పెట్టేశాక గాని జాస్మిన్‌కి వెలగలేదు, పెన్‌డ్రైవ్ తెచ్చినా ఎక్కడ పెట్టాలి? ఈ లాప్‌టాప్‌కి ఒక పక్క రంధ్రం ఎప్పుడో విరిగిపోయింది. పనిచేసే రెండో దాంట్లో ప్రకాష్ పుల్ల ఉంది. దాని మీదే బండి నడుస్తోంది. అది పీకితే నడుస్తున్న బండి చక్రం పీకినట్టే. ముట్టుకోకే, ముట్టుకోకు, అని ఆయన అరిచిన అరుపు ఆమెకి ఇప్పటికీ చెవిలో ఉంది, కొత్తలో ఒకసారి ఇంట్లో దుమ్ము తుడుస్తూ దాన్ని కదిలించబోతే. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆయన పోయాక అసలే ముట్టుకోలేదు. ఆ చివరి ఆదివారం గుడికి వెళ్లొచ్చి తన చేత్తో గుచ్చాడు, సోమవారం షాపు తీయకుండా ఏవో సామాన్లకని ఒంగోలు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండేళ్లుగా అది ఆయన గుచ్చిన చోటే ఉంది.

పక్క కుర్చీలో ఉన్నామె ఇందాకట్నుంచీ చూస్తోంది. పేరు షమా అని పొద్దున్నే చెప్పింది. ఆమె భర్త పేరు బుడే, మిరపయార్డులో బస్తాలు మోస్తాడు, అతన్నీ లోపల ఇంకో గదిలో కోస్తున్నారు. ఆమె సంచిలోంచి ఫోన్ ఛార్జరు తీసి ఇచ్చింది. “ఇది పనికొచ్చుద్దేమో చూడమ్మా.”

“ఈ పిన్ను దూరదమ్మా దీనికి.”

“మరీ అంత ఇదైపోతన్నావు, ఆ డబ్బాలో ఏముందంట?”

“మా అత్తగారి గొంతు” అంది జాస్మిన్. అన్నాక తనకే ఏడుపొచ్చింది. షమా ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు, ముసుగు సర్దుకుని ఇంకొంచెం దగ్గరికి జరిగి, తెర మీద ఆ గొంతు ఎక్కడుందా అని చూసింది. “ఫోన్లోకి ఎక్కించుకోరాదూ? మా పిల్లలు ఇట్టే ఎక్కిస్తారు” అంది.

ఫోన్. నిజమే, చేతిలో ఫోనుంది, నెట్టుంది, లాప్‌టాప్‌ని ఫోనుకి కలిపి పంపుకోవడం క్షణం పని. ఆ క్షణం పని చేయనని, ఫోనుకీ నెట్టుకీ ఎక్కించనని, పొద్దున అత్తగారి మంచం పక్కన బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఊరికే ముసలామె చాదస్తమైతే జాస్మిన్ కూడా లెక్కచేయకపోయేది. కానీ అత్తగారి మీద తిరిగిన వీడియో సంగతి ఆమెకి తెలుసు. మిరప కోతల్లో దేవకుమారి పాట లేకపోతే కూలోళ్లకి చెయ్యి ఆడేది కాదు. నడుముకి గోనె కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, సాలు వెంట నడుస్తూ తను కట్టిన పాటే పాడేది. ఎర్రని కాయ కోసితి దేవా, ఎండలో నా ఒడి నిండెను దేవా, చేతుల మంట నీకు చెప్పుకుందు, చల్లని మాట నాకు చెప్పవయ్యా. ఏటికో చరణం కలిపేది. వానలు పడక చేను ఎండిన ఏడు ఒకటి, నల్లి పట్టిన ఏడు ఒకటి, జాస్మిన్ సింగరాయకొండ నుంచి కోడలుగా వచ్చిన ఏడు ఒకటి, అందులో సముద్రపు గాలి పిల్లకి మిరపఘాటు పడలేదని వేళాకోళం కూడా ఉంది. నిజమే, మొదటిసారి కోతకి వెళ్లిన రోజు చేతులు మండి ఆమె ఏడుస్తుంటే, అత్తగారు ఆమె అరచేతులకి ఆముదం రాస్తూ, నవ్వు ఆపుకోలేక ఆ చరణం కట్టేసింది. అలాంటి మనిషి ఒక పొద్దు చేలో గొంతెత్తి దేవా అని సాగదీసి, అదే ఊపులో, అదే శ్రుతిలో, ఒసేయ్ పచ్చికాయలు కోస్తన్నావేందే, కళ్లు యాడ పెట్టుకున్నావే, అని ఒక పిల్లని తిట్టి మళ్లీ పాటలోకి వెళ్లిపోయింది. ఎవరో ఫోన్లో తీశారు. దానికెవరో డప్పులు కలిపారు, తిట్టుని పదేపదే తిప్పారు. అది ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, చివరికి ఆమె ఫోనుకే వచ్చింది. ఆదివారం గుళ్లో ఆమె పాటకి లేస్తే వెనక వరసలో కుర్రకారు కిసుక్కుమన్నారు. ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల వైపు ముందు నిలబడి పాట ఎత్తిన మనిషి ఆ రోజునుంచి పెదాలు మాత్రం కదిపింది.

దాన్ని తీసేయించరా అని కొడుకుని పట్టుకుంది. ప్రకాష్ ఎవరెవరికో ఫోన్లు చేశాడు, బతిమాలాడు, ఒకరిద్దరి మీద కేకలేశాడు. చివరికి, ఒకసారి నెట్లోకి ఎక్కిందంటే ఇక మన చేతుల్లో ఉండదమ్మా అన్నాడు. ఆమె, మరి నీ పెట్టెలోకి ఎక్కితేనో, అని ఈ లాప్‌టాప్ వైపు గడ్డం చూపించింది. ఇందులోది ఎక్కడికీ పోదమ్మా, ఆపేస్తే దానికే గుర్తుండదు అన్నాడు ఆయన నవ్వుతూ. అట్టాంటిదే మంచిదిరా, నోరు లేని పెట్టె, అంది ఆమె. ఆయన వెంటపడ్డాడు, అమ్మా నీ పాటలన్నీ ఒకసారి పాడు, రికార్డు చేసి దాచి పెడతా, నేను పెడతాగా. ఎప్పుడడిగినా, కోతలవ్వనీరా, పండగెళ్లనీరా, గొంతు బాలేదురా. కోతలయ్యాయి, పండగ వెళ్లింది, అడిగేవాడు పోయాడు. ఆ తర్వాత గొంతు నిజంగానే బాగాలేకుండా పోయింది, మొదట జీర, తర్వాత బొంగురు, దుఃఖం వల్ల అనుకున్నారు అందరూ. దుఃఖానికి ఎవరు పరీక్షలు చేయిస్తారు? డాక్టరు చెప్పిన రోజు ఆమె అంతా విని, మరి కూరలో ఉప్పు లేదని కోడలికి ఎట్టా చెప్పాలయ్యా, అని అడిగింది. డాక్టరు నవ్వలేక నవ్వాడు. జాస్మిన్ బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి బావురుమంది.

నిన్న ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు అత్తగారు గుమ్మంలో ఆగి, ప్రకాష్ పెట్టె తీసుకురాయే, అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దున స్నానం చేయించి ఆకుపచ్చ గౌను తొడిగాక, క్రిస్టీనాని కాఫీకి పంపేసి, ఒట్టు వేయించుకుని, మైకు ఇటు పెట్టు అంది. పాట మొదలుపెట్టింది. ఏం పాట అది! గాలి సగం, పాట సగం, మధ్యలో దగ్గు, పై స్వరానికి పోలేక కిందకి దిగి పాడటం. అయినా అదే ఊపు, అదే సాలు వెంట నడక. పాత చరణాలన్నీ అయ్యాయి. అప్పుడు ఆగి, మంచినీళ్లు తాగకూడదన్నారు కాబట్టి పెదాలు మాత్రం తడుపుకుని, ఎవరూ ఎన్నడూ వినని చరణం ఒకటి పాడింది. కొడుకు మీద కట్టిన చరణం. రెండేళ్లుగా లోపలే ఉంచుకున్నట్టుంది. జాస్మిన్ ఆ చరణం గుర్తు చేసుకోబోయింది. ఒకవేళ ఈ డబ్బా ఆగిపోయినా మాటలన్నా మిగుల్తాయి కదా అని. రాలేదు. వాకిలి అన్న మాట ఒకటి ఉంది. వాకిలి తీసి ఉంచానన్నదా, వాకిలి ఊడ్చానన్నదా? తర్వాత ఏమిటి? ఆ కాస్త సేపూ తను చూసింది తెర మీద లేచి పడుతున్న పచ్చగీతల్ని, గీత ఎర్రబడితే గొంతు పగులుతుందేమోనని దాని మీదే కళ్లు పెట్టుకుని, పక్కన మనిషి ఏం పాడుతోందో వినలేదు. అంటే విన్నది, ఏడ్చింది కూడా, కానీ ఒక్క మాట పట్టుకోలేకపోయింది. మెషీన్ని నమ్మి చెవులు దానికి అప్పజెప్పేసింది. ఇప్పుడు అది కూడా చేతులెత్తేస్తోంది.

నారింజ రంగు ఇంకా సన్నబడింది. మాట తప్పేస్తే ఏమవుతుంది? అత్తగారికి తెలియను కూడా తెలియదు. ఫోన్లోకి ఎక్కించి, తర్వాత ఎక్కడన్నా దాచి, ఫోన్లోంచి తుడిచేస్తే? కానీ ఆ ఫోన్లో తీసిన ప్రతి ఫోటో తనకి తెలియకుండానే ఎక్కడికో ఎక్కిపోతోందని, నీ ఫోన్లో ఫోటోలు నా ట్యాబ్‌లో కనపడుతున్నాయేంటి వదినా అని, మొన్ననే క్రిస్టీనా నవ్వింది. అయినా సంగతి అది కూడా కాదు. లోపల ఆమె మత్తులో పడుకుని ఉంది. నోరు తెరిచి వద్దనలేదు. ఇక మీదట ఎప్పుడూ అనలేదు. వద్దని అనలేని మనిషికిచ్చిన మాట తప్పడం ఎంత తేలిక! జాస్మిన్ ఫోను సంచిలో అడుక్కి తోసేసింది.

కాఫీ వాసన వచ్చింది ఎక్కడినుంచో. కిందనుంచి ఎవరో ఫ్లాస్కు పట్టుకెళ్తున్నారు. ఆ వాసనతో పాటు ఇడ్లీ కూడా ఉన్నట్టుంది, అల్లం పచ్చడి. బడికి వెళ్తూ దారిలో ఆయనకి డబ్బా ఇవ్వడం, అద్దంకి బస్టాండు ఎదురు సందులో నెట్ సెంటరు, సగం ఎత్తిన షట్టరు, కింద నుంచి వంగి దూరితే లోపల అగరుబత్తి బదులు ఫినాయిలు వాసన. నాలుగు కంప్యూటర్లు ఆయనవి. వాటిల్లో సాయంత్రానికల్లా వైరస్‌లు, సినిమాలు, ఎవరెవరివో ఆధార్ కాపీలు, మరిచిపోయిన పాస్‌వర్డ్‌లు, ఒక పెళ్లికొడుకు జాతకం కూడా. ఊళ్లోవాళ్ల గుట్లన్నీ నా దగ్గర ఎందుకే అని ఆ పుల్ల తయారుచేసుకున్నాడు. రాత్రి ఆపేస్తే నాలుగూ అన్నీ మరిచిపోయి, పొద్దున్నే కడిగిన పలకల్లా లేచేవి. ఎవడో కస్టమరు ఆ పుల్ల మీదున్న చిన్న మీట జరిపి దాన్లోకి సినిమా ఎక్కించబోయి మొత్తం పాడుచేశాక, మళ్లీ చేసుకుని, ఆ మీట కదలకుండా ఆమె గోళ్లరంగు చుక్క వేసి బిగించాడు. అడక్కుండా తీశాడు. అసలే అడుగున కాస్తే ఉంది, అదీ క్రిస్టీనా పెళ్లికి కొన్న ఎర్రరంగు, ఆ రోజు పెద్ద గొడవ. పైగా ఆత్రం మనిషి, ఆరిందో లేదో అని బొటనవేలితో నొక్కి చూశాడు. ఎర్ర చుక్కలో ఆయన వేలిగీతలు పడ్డాయి. ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున్నే లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా ఆమె చూసేది వాటినే. ఆ డబ్బా ఇచ్చే పొద్దుల్లో ఆయన ఎప్పుడూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు, నోట్లో ఆ పుల్ల ఉండేది, వేప్పుల్ల నమిలినట్టు పళ్ల మధ్య పట్టుకుని ఒక కంప్యూటర్ దగ్గరనుంచి ఇంకో కంప్యూటర్ దగ్గరికి. ఒకదానికి గుచ్చడం, నల్లతెర మీద తెల్ల అక్షరాలు పరిగెత్తడం చూడటం, పుల్ల చివర లైటు మిణుకు ఆగాక తీసి నోట్లో పెట్టుకుని రెండోదాని దగ్గరికి. ఆమె నవ్వింది. ఒక్క అగ్గిపుల్లతో నాలుగు పొయ్యిలు అంటిస్తున్నావయ్యా అంది. ఆయన నోట్లోంచి పుల్ల తీసి, పొయ్యి అంటుకున్నాక ఇక పుల్లతో పనేముందే, అన్నాడు.

జాస్మిన్ నిటారుగా కూర్చుంది.

నాలుగు కంప్యూటర్లు. ఒక్క పుల్ల. నాలుగోది లేచేసరికి మొదటిదాంట్లో ఎవరో రైలు టికెట్లు చూసుకుంటూ ఉండేవాడు. ఆమె కళ్లారా చూసింది, ఒకటి కాదు, ఎన్ని పొద్దులో. పుల్ల ఆయన నోట్లో ఉండేది, అవి నడిచేవి. అంటే మిషను లేచేటప్పుడే పుల్లలో ఉన్నదంతా తనలోకి తీసుకునేలా చేసుకున్నాడన్నమాట ఆ మహానుభావుడు. అందుకేనా ఇంట్లో ఇది లేచేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకు పట్టేది? ఇంత నత్తలా లేస్తుందేంటని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో. పుల్ల అదే. ఇంకోటి లేదు ఆయన దగ్గర. మరి ఆ రోజు ముట్టుకోకే అని అరిచాడే? ఆ అరుపుని ఆమె మళ్లీ తెచ్చుకుంది, దుమ్ము గుడ్డ, ఆయన స్నానాల గదిలోంచి తువ్వాలుతో పరిగెత్తుకు రావడం, అరుపు, ఆ అరుపు వెనకాల ఇంకో మాట ఉంది, ఇన్నేళ్లూ అరుపు గుర్తు పెట్టుకుని ఆ మాట వదిలేసింది. లైటు మిణుకుతున్నప్పుడు ముట్టుకోకే. మిణుకుతున్నప్పుడు. జాస్మిన్ పక్కకి వంగి చూసింది. లైటు మిణకడం లేదు. పొద్దున్నుంచీ మిణకడం లేదు.

అయినా చెయ్యి రాలేదు. తప్పైతే? తన బుర్ర తనకి కావలసినట్టు అల్లుకుంటోందేమో, ఇప్పుడే కదా ఒక చరణం కూడా పట్టుకోలేనిదని తేలింది. పైగా ఆయన గుచ్చింది. ఆ రోజునుంచీ ఎవరి చెయ్యీ పడనిది. ఆమె షమా వైపు తిరిగింది, ఎందుకో తెలియదు, “మా ఆయన చెప్పాడు, తీయొచ్చని” అంది. షమాకి ఏం అర్థమైందో ఏమో. “చెప్తే మరి తియ్యమ్మా” అంది. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. జాస్మిన్ రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. పుల్ల రెండేళ్ల దుమ్ముతో సహా చేతిలోకి వచ్చింది. మిరపచేను కదల్లేదు. గడియారం నడుస్తోంది. బాణం కదిపితే కదిలింది. ఒరేయ్ నాయనా, అంది పైకే.

ఇప్పుడు రంధ్రం ఖాళీ, అందులో పెట్టడానికి ఏమీ లేదు. క్రిస్టీనా కొత్తపేటలో ఊరేగింపు వెనక ఉంది. ఎర్రగుర్తు పక్కన, వెంటనే ఛార్జింగ్ పెట్టు, అని మిషను మొరపెట్టుకుంటోంది. ఉన్నదల్లా ఈ అరచేతిలో ఉన్నదే. అదే మళ్లీ గుచ్చింది. తెర మీద దాని గుర్తు వేరేగా వచ్చింది, మామూలు పెన్‌డ్రైవ్ వచ్చినట్టే. పాట బొమ్మని పట్టి లాగి దాని మీద వదిలింది. దీని మీద రాయడానికి వీల్లేదు, అంది మిషను. మీట. ఎవడూ ఏమీ రాయకుండా ఆయన బిగించిన మీట. మళ్లీ లాగి తీసింది. ఎర్ర చుక్క మీద బొటనవేలి గీతలు, సన్నవి, వంకీలు తిరిగినవి, మధ్యలో ఒక చిన్న గాటు, ఏదో స్క్రూడ్రైవర్ గీసుకున్న గాటు, అది కూడా పడింది రంగులో. ఆయన ఒంటి గుర్తు ఈ భూమ్మీద ఇంకెక్కడుంది? సమాధి మీద పేరుంది, పేరు ఎవరైనా చెక్కుతారు. ఇది ఆయన వేలు. గీకితే పోతుంది. గీకకపోతే అమ్మ గొంతు పోతుంది, నేను పెడతాగా అన్నవాడి అమ్మ గొంతు. రెండింటిలో ఏదో ఒకటి అని ఎవరో ఆమెని గోడకి తోసి అడుగుతున్నట్టుంది. ఆమెకి కోపం వచ్చింది, ఆయన మీద, ఆయన ఆత్రం మీద, ఇంత గట్టిగా బిగించిన చేతి మీద. పమిట దగ్గరి పిన్నీసు తీసింది. షమా అడక్కుండానే లాప్‌టాప్‌ని తన ఒళ్లోకి తీసుకుని కదలకుండా పట్టుకుంది. జాస్మిన్ గీకింది. ఎర్రపొడి చీర కుచ్చిళ్ల మీద రాలింది. ఒక్కో గీతా పోతుంటే ఏడుస్తూనే గీకింది, మీట సందులో ఇరుక్కున్న రంగు కూడా పిన్నీసు మొనతో తవ్వింది, గోటితో నెట్టింది. మీట కదిలింది.

గుచ్చి, లాగి, వదిలింది. ఈసారి వద్దనలేదు. లైటు మిణకడం మొదలుపెట్టింది, గబగబా, మిరపగింజంత వెలుగు. ముట్టుకోకే, ముట్టుకోకు, అనుకుంటూ చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. ఆగింది. పాట పుల్ల మీదుంది. నమ్మకం చాలక చెవిలో తీగ పెట్టుకుని పుల్ల మీదిదే నొక్కింది. దగ్గు. మంచం కిర్రుమన్న చప్పుడు. తర్వాత, బొంగురుగా, చెవికి ఆనుకుని చెప్పినట్టు, “ఏమే, మొదలెట్టనా?”

ఊఁ అంది జాస్మిన్. ఆమె ఊఁ అంటుండగానే తెర నల్లబడింది.

ఆ తలుపు తెరుచుకోవడం కూడా అప్పుడే. నర్సు స్టీలు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, “దేవకుమారి తాలూకు ఎవరండీ?” అని కేకేసింది. తీసిన ముక్కని పరీక్షకి పంపేముందు ఇంటివాళ్లకి చూపించడం ఇక్కడ మామూలే, రేపు మాటరాకుండా. జాస్మిన్ లేచింది. పుల్లని పిడికిట్లో పట్టుకునే వెళ్లింది. గిన్నెలో గాజుగుడ్డ మీద ఒక మాంసపుముక్క ఉంది, తెల్లగా గట్టిగా కొంత, ఎర్రగా కొంత. ఇంతేనా? చేను ఆ గట్టునుంచి ఈ గట్టుదాకా వినపడింది దీనిలోంచేనా? ఎన్ని తిట్లు, ఎన్ని చరణాలు, ఏమే జాస్మినూ అన్న పిలుపులూ, ఇంత ముక్కలోంచి. “ఆమెకి బాగానే ఉందమ్మా, ఇంకా కుట్లెయ్యాలి, టైం పడుద్ది. వచ్చాక మాట్లాడించొద్దు” అని అలవాటుగా అనేసి, నర్సు తన మాట తనకే తట్టినట్టు తల దించుకుని లోపలికెళ్లిపోయింది. జాస్మిన్ పిడికిలి విప్పకుండా తలుపు వైపే చూస్తూ నిలబడింది.

క్రిస్టీనా మెట్లెక్కి పరుగున వచ్చింది, ఒక చేతిలో ఛార్జరు, ఇంకో చేతిలో అట్టపెట్టెలో కొత్త పెన్‌డ్రైవు. “సారీ వదినా, పిన్ను సరిపోద్దో లేదో... అయ్యో, ఆగిపోయిందా? పోయిందా అది?” నల్లతెరనీ, వదిన ముఖాన్నీ, కుచ్చిళ్ల మీద ఎర్రపొడినీ చూసి ఆమె గొంతు తడబడింది. “అమ్మకేమన్నా...”

“అమ్మ బాగుంది. పాట ఉంది” అంది జాస్మిన్. అని, క్రిస్టీనా చేతి గోళ్ల వైపు చూసి, “నీ సంచిలో గోళ్లరంగుందా?” అంది.

అన్నయ్య పోయాక వదిన గోరుకి రంగు వేసి ఎరగదు. క్రిస్టీనా సంచి బోర్లించి వెతికి, సీసా తీసి ఇచ్చింది. ముదురు గులాబీ రంగు. ఎర్రది లేదు వదినా, అంది భయంభయంగా. పర్లేదంది జాస్మిన్. కుర్చీలో కూర్చుని, మీటని మొదట ఉన్న వైపుకి గోటితో నెట్టేసింది. ఇక దీని మీద ఎవరూ ఏమీ రాయలేరు, ఇందులోది ఎవరూ చెరపలేరు. సీసా మూత తిప్పి, కుంచెతో ఒక చుక్క వేసింది. ఆరకముందే బొటనవేలితో నొక్కి చూసింది.